ఒడ్డు పాలసీ

సోఫాల మేస్త్రీకి నీళ్ళంటే భయం. ఆ సంగతి ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. పెళ్ళయిన కొత్తలో, భార్య ముందు కాస్త గొప్పగా ఉంటుందని, వరదలో ఉన్న నదిని ఈదేశానని ఒక మాట అన్నాడు. అన్నవాడు అక్కడితో ఊరుకున్నాడా, ఏడాదికోసారి ఆ నదిని కాస్త కాస్త వెడల్పు చేస్తూ వచ్చాడు. ఇప్పటికి అవతలి ఒడ్డు కనపడనంత అయింది. నిజానికి ఆయన బకెట్లో నీళ్ళు నెత్తిన పోసుకునేటప్పుడు కూడా ముక్కు పట్టుకునే మనిషి.

ఇన్ని కోతలు కొయ్యడానికి ఇంకో కారణం తోడల్లుడు. భార్య అక్క మొగుడు, డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. ఈయన నది అంటే ఆయన సముద్రం అనేవాడు. ఈయన పైన ఈదితే ఆయన అడుగుకు మునిగి గుప్పెడు ఇసక తెచ్చేవాడు. ఇద్దరిలో ఏ ఒక్కరూ తగ్గింది లేదు.

ఈసారి సెలవులకి అక్కచెల్లెళ్ళిద్దరూ కూడబలుక్కుని నలుగురికీ ఒక దీవికి టిక్కెట్లు కొనేశారు. చుట్టూ సముద్రం, మధ్యలో హోటలు.

"మీ ఇద్దరి కోసమే వెతికి వెతికి ఈ చోటు పట్టాం మరిదిగారూ," అంది వదిన.

మేస్త్రీ అప్పుడు సోఫా అంచుకు రెగ్జిన్ బిగిస్తున్నాడు. నోట్లో మేకులున్నాయి. ఒకటి మింగబోయి ఆగాడు.

ప్రయాణానికి బీమా ఉండి తీరాలన్నారు టిక్కెట్లు అమ్మినవాళ్ళు. నలుగురూ కళ్ళజోళ్ళ కొట్టు పక్కన మెట్లెక్కి బీమా ఆఫీసుకు వెళ్ళారు. చిన్న గది. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద టీ గ్లాసు పెట్టుకుని కూర్చుంది బీమా అమ్మాయి. ఆమె కుర్చీ సీటు చిరిగి లోపలి స్పాంజి బయటికి తొంగిచూస్తోంది. మేస్త్రీ కళ్ళు ముందు దాని మీదే పడ్డాయి.

"రెండు రకాలున్నాయండీ," అంది అమ్మాయి. "మొదటిది మామూలుది. పెట్టె పోయినా, విమానం తప్పినా, జ్వరమొచ్చి ఆస్పత్రిలో చేరినా చూసుకుంటుంది. రెండోది వాటితోపాటు నీళ్ళలో ఆటలకి. ఈదొచ్చు, పడవ మీంచి దూకొచ్చు, అడుగుకు వెళ్ళి చేపల్ని చూడొచ్చు. దెబ్బ తగిలినా, పడవ వేసుకుని మిమ్మల్ని వెతకాల్సి వచ్చినా ఆ ఖర్చంతా కంపెనీదే."

"వెతికితే దొరక్కపోతే?" అన్నాడు మేస్త్రీ.

"దానికీ ఉందండీ. ఇంట్లోవాళ్ళకి ఇస్తారు."

"రెండోదే ఇవ్వమ్మా," అంది మేస్త్రీ భార్య. "వీళ్ళని ఒడ్డున కట్టేసినా ఆగరు."

"మామూలుది చాలదా? నది ఈదినవాడికి బీమా ఏమిటి, నామోషీ," అన్నాడు మేస్త్రీ.

"మీ నది సంగతి సముద్రానికి తెలియదుగా."

తోడల్లుడు గొంతు సవరించుకున్నాడు. "తమ్ముడికి భయమైతే మామూలుదే తీసుకుందాం. నాదేముంది."

"నాకు భయమా? మీ వయసు చూసి అన్నాను అన్నయ్యా."

"నా వయసుకేం, ఇనప గుండు."

దాంతో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా రెండోదే అన్నారు.

"తొందరేం లేదు, రేపు సాయంత్రం రండి," అంది అమ్మాయి. "ఈలోగా ఎవరికైనా ముందునుంచీ జబ్బులుంటే చెప్పండి. గుండె జబ్బున్నవాళ్ళకి నీళ్ళ పాలసీ ఇవ్వరు. దాచిపెట్టి తీసుకున్నారా, తర్వాత ఏదైనా అయితే కంపెనీ చేతులెత్తేస్తుంది."

ఆ మాట మేస్త్రీ బుర్రలో పడి తిరుగుతూనే ఉంది. జబ్బు తనకే ఉందంటే ఇన్నేళ్ళ పరువు నీళ్ళపాలు. అదే అన్నయ్యకుంటే? పెద్దాయన ఒడ్డున దిగులుగా కూర్చుంటే నేనెలా దిగేది, ఆయన మనసు కష్టపెట్టుకోడూ అని తనూ పక్కనే కూర్చోవచ్చు. నదికి నదీ మిగులుతుంది, మంచివాడన్న పేరూ వస్తుంది. అన్నం తింటూ తనలో తను నవ్వుకున్నాడు.

"ఏమిటా నవ్వు?" అంది భార్య.

"సముద్రం గుర్తొచ్చింది."

పొద్దున్నే టేపు జేబులో వేసుకుని, కుర్చీ కొలత తీసుకోవాలనే వంకతో ఆఫీసుకు వెళ్ళాడు. సీటు కొలుస్తూ గొంతు తగ్గించాడు.

"అమ్మాయీ, నేను చెప్పానని అనకు. మా అన్నయ్యకి గుండె దడ. మీ మెట్లెక్కితే చాలు, ఎగిరెగిరి కొట్టుకుంటుంది. పాపం, పరువుకు పోయి ఆయన చెప్పడు."

అమ్మాయి రాసుకుంది. "మీ ఇంట్లోవాళ్ళకి ఒకరంటే ఒకరికి ఎంత ప్రేమండీ," అంది.

మేస్త్రీ పొంగిపోయాడు. కుర్చీ ఊరికే బాగుచేసిపెడతానన్నాడు.

సాయంత్రం నలుగురూ వచ్చి కూర్చున్నారు. అమ్మాయి కాగితం తీసింది.

"ఒక చిక్కొచ్చిందండీ. పెదనాన్నగారికి గుండె దడ ఉందని పొద్దున బాబాయిగారొచ్చి చెప్పారు. అంతకు ముందే పెదనాన్నగారు ఫోన్ చేసి, బాబాయిగారికి గుండె దడ అని చెప్పారు. మేం చెప్పామని అనొద్దన్నారు ఇద్దరూ. కానీ నా చెవిన పడ్డాక కంపెనీకి దాచడం నావల్ల కాదు."

మేస్త్రీ తోడల్లుడి వైపు చూశాడు. తోడల్లుడు మేస్త్రీ వైపు చూశాడు. ఇన్నేళ్ళ నదీ, ఇన్నేళ్ళ సముద్రమూ ఆ ఒక్క చూపులో ఇంకిపోయాయి.

"అబద్ధమంటే ఇప్పుడే కొట్టేస్తాను, నీళ్ళ పాలసీ ఇస్తాను," అంది అమ్మాయి. "నిజమంటే మటుకు జబ్బున్నవాళ్ళకి వేరే ఉంది. మోకాళ్ళ లోతు దాటకూడదు. ఒడ్డు పాలసీ అంటాం మేము."

భార్య ఇటు తిరిగింది. "ఏమండీ, నిజమేనా? నాకెందుకు చెప్పలేదు?"

మేస్త్రీకి సిగ్గేసింది. అబద్ధమని చెప్పెయ్యాలనిపించింది. అంతలో పడవ కళ్ళ ముందు కదిలింది, దాని కింద అడుగు కనపడని నీళ్ళు కదిలాయి. చెయ్యి గుండె మీదికి వెళ్ళింది. కుడివైపుకు వెళ్ళింది. తోడల్లుడు గట్టిగా దగ్గి కళ్ళతో సైగ చేశాడు. మేస్త్రీ చెయ్యి ఎడమవైపుకు జరుపుకున్నాడు.

"ఉన్నట్టే ఉందే," అన్నాడు.

"నాకూనూ," అన్నాడు తోడల్లుడు.

అక్కచెల్లెళ్ళు కాసేపు గుసగుసలాడుకున్నారు.

"అయితే వీళ్ళకి ఒడ్డుది ఇవ్వమ్మా," అంది వదిన. "మా ఇద్దరికీ నీళ్ళది."

"మీకెందుకు వదినా?" అన్నాడు మేస్త్రీ.

"దూకడానికి."

"మీకు ఈతొచ్చా?"

"చిన్నప్పుడు బళ్ళో నేర్పారు," అంది భార్య. "అక్కకి పోటీలో కప్పు కూడా ఇచ్చారు."

"ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదే."

"మీ నది దాటితే కదా, మా మాట రావడానికి."

తోడల్లుడు కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాడు. మేస్త్రీ భార్య వేళ్ళు మడిచి లెక్కపెడుతోంది. రేపే డాక్టరు దగ్గరికి, ఉప్పు తగ్గించాలి, టీ పొద్దున ఒక్కసారే, బరువైన సోఫాలు ముట్టుకోకూడదు. మేస్త్రీ అన్నిటికీ బుద్ధిగా తలూపాడు.

సంతకం దగ్గర మాత్రం కలం ఆపాడు.

"అమ్మాయీ, ఒడ్డున కూర్చున్నవాళ్ళ మీదికి అల దానంతటదే వస్తే?"

"లేచి ఇవతలికి వచ్చెయ్యడమే బాబాయిగారూ."

"నెమ్మదిగా," అంది భార్య. "పరిగెత్తారంటే చూడండి."