ఆకు కోసిన చోటు

బడి గేటు పక్కనున్న జామచెట్టు ఆకు పదకొండో చుక్కకే చేతులెత్తేసింది.

చుక్కలమ్మ కళ్లద్దాలు తుడుచుకుని గాజుపాత్ర వైపు మళ్లీ చూసింది. పద్ధతి ఆమెకు కంఠతా వచ్చు. ఆకు నూరి, వడగట్టి, ఆ రసంలో నీలిమందు చుక్కచుక్కగా వదలాలి. ఆకులో విటమిన్ సి ఉన్నంతసేపూ ఆ నీలాన్ని మింగేస్తుంది. అది అయిపోగానే రసం గులాబీరంగుకు తిరుగుతుంది. పొగ తిన్న జామాకులో విటమిన్ సి తరిగిపోతుంది. తొమ్మిదేళ్లలో ఆ చెట్టు ఆకు ఏనాడూ నలభై చుక్కలకు తగ్గలేదు.

మరో రెండుసార్లు నూరింది. పది. పదకొండు.

ఇరవై రెండేళ్లు అదే బల్ల ముందు నిలబడి ఆమె కాళ్లలో నరాలు ఉబ్బాయి. బొటనవేలి గోరుకు నీలిమరక పట్టేసి ఇక వదల్లేదు. ఇంట్లో కుళాయి కారినా కూర్చుని చుక్కలు లెక్కపెడుతుందని ఆ గాలి పరీక్షల ఆఫీసులో చుక్కలమ్మ అని పేరు పెట్టారు. ఆమెకెవరూ పెద్ద పని అప్పజెప్పలేదు. అప్పజెప్పిన పనిలో ఆమె తప్పూ చేయలేదు.

నెలనెలా మంచుపెట్టె భుజాన వేసుకుని ఆకులు తెచ్చేది అటెండరు. ఆమె బాబాయ్ అని పిలుస్తుంది. ఆయన మంచానపడి మూడు వారాలైంది గనక ఈ ఉదయం తనే వెళ్లింది. బడి గోడకు ఆనుకునే ఇనుము కరిగించే ఫ్యాక్టరీ. ఆకును వేలితో రాస్తే వేలు నల్లబడింది.

ఆ బడిలోనే ఆమె చెల్లెలి కూతురు చదువుతోంది. గాలి బాగుంది, నేనే చూశాగా, చేర్చెయ్యమని చెప్పింది తనే. ఇప్పుడు ఆ పిల్ల పుస్తకాల సంచిలో ఇన్‌హేలర్ ఉంటోంది.

బడిని అక్కణ్ణుంచి తరలించాలా వద్దా అన్నది రేపు తేలుతుంది. ఐదింటికల్లా నివేదిక వెళ్లాలి. ఆఫీసరు ఆమె కాగితం చూసి, వయసు మీదపడి చెయ్యి వణికి ఉంటుందని నవ్వేశాడు.

"పాత అంకెలే వేసి పంపెయ్యండి చుక్కలమ్మగారూ. ఒక్కరోజు ఆకు చూసి బడి లేపేస్తారా ఎవరైనా?"

"నా చెయ్యి వణకలేదు సార్. ఐదింటిదాకా టైముంది."

సంగతేమిటో చెప్పగలిగేది బాబాయొక్కడే. అన్నం డబ్బా మూత కూడా తియ్యకుండా బస్సెక్కింది. సందు మలుపు తిరిగేసరికి ఆయన ఇంటి ముందు చెప్పులు గుట్టగా కనిపించాయి.

"పొద్దున్నే పోయారమ్మా," అంది గడపలో కూర్చున్న పిన్ని. "రాత్రంతా దగ్గి దగ్గి, కునుకు పట్టిందనుకున్నాను."

చుక్కలమ్మ పక్కన కూలబడి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఎదురుగా, తెరిచిన పెరటి తలుపులోంచి పాత పెయింటు డ్రమ్ములో ఓ జామమొక్క కనిపిస్తోంది. ఆకులు ఎవరో రోజూ తడిగుడ్డతో తుడిచినట్టు నిగనిగలాడుతున్నాయి. కొమ్మల కొసన ఆకులు కోసేసిన తొడిమలు వరసగా ఉన్నాయి.

పిన్ని లేచి మంచం కింద నుంచి మంచుపెట్టె లాగింది. "నీకే ఇవ్వమన్నారు. నిన్నటినుంచీ అదే కలవరింత."

లోపల మంచు లేదు. ఒకే ఒక్క పొట్లం, దాని మీద ఆఫీసు చీటీ. 'ఆకు కోసిన చోటు' అన్న అచ్చు గీత పక్కన తొమ్మిదేళ్లూ ఆయన గుండ్రటి అక్షరాలతో 'బడి గేటు' అనే రాశాడు. ఈసారి పెన్సిలు అక్షరాలు గీత దాటి చీటీ అంతా పాకాయి.

'మా పెరట్లో డ్రమ్ము. తొమ్మిదేళ్లుగా ఇదే. సార్‌కి చూపించు. గేటు దగ్గర దగ్గొచ్చి పావుగంట కూడా నిలబడలేకపోయేవాణ్ణమ్మా. పిల్లలు పొద్దస్తమానం అక్కడే ఉంటారని తెలుసు. తెలిసే ఇక్కడ కోశాను.'