కొమ్మ బొమ్మ ఉన్నచోట

సోమవారం వచ్చిన ఉత్తరంలో రెండే విషయాలున్నాయి. నా తమ్ముడు దెతెలిన్‌ను గడువుకు ముందే విడుదల చేసే విషయం కోర్టు పరిశీలిస్తోందన్నది ఒకటి. అతన్ని ఇంట్లో ఉంచుకుంటానని మా అమ్మ త్సోనా పెట్టిన సంతకం, ఆవిడ మరణించినందువల్ల ఇక చెల్లదన్నది రెండోది. కుటుంబంలో మిగిలినవారు అందుకు సిద్ధంగా ఉన్నారో లేదో చూడడానికి గురువారం ఒక అధికారిణి వస్తుందట. కుటుంబంలో మిగిలింది నేనొక్కదాన్నే. నేను కాదంటే దెతెలిన్ ఇంకో పద్నాలుగు నెలలు లోపలే ఉండాలి.

ఉత్తరం పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయాను. గేటు మీద అమ్మ కాగితం ఉంది, మా ఊళ్లో మనిషి పోయాక నలభై రోజులకూ ఆరు నెలలకూ అంటించేది. నల్ల అంచు, అమ్మ ఫోటో, పేరు, వయసు, 'మమ్మల్ని వదిలి నలభై రోజులు' అన్న మాట. అడుగున చిన్న అక్షరాల్లో 'దుఃఖంతో: కూతురు జ్లాట్కా, బంధువులు, ఇరుగుపొరుగు'. ఇరుగుపొరుగుకు కూడా చోటు దొరికింది. కొడుకు పేరు లేదు.

అలాంటివి ఊళ్లో ఇరవైమూడు ఉన్నాయి. కరెంటు స్తంభాల మీద, రొట్టెల కొట్టు గోడకు, చర్చి తలుపుకు, మూతపడ్డ బడికి, బస్టాపులో. వేసవి వానలకు ఊడిపోకుండా మంచి జిగురు కొని నేనే అంటించాను.

అవి అచ్చు వేయించడానికి వెళ్లినప్పుడు పంచాయతీ ఆఫీసులో గాల్యా కంప్యూటరు ముందు కూర్చుని అడిగింది.

"దెతెలిన్ పేరు కూడా వెయ్యాలి కదా టీచరమ్మా?"

"చోటు చాలదేమో" అన్నాను.

మాట తూచి వాడమని ముప్పై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నదాన్ని. చోటు చాలా మిగిలింది. అడుగున బోసిగా ఉందని గాల్యా అక్కడ కిందికి వేలాడే విల్లో చెట్టు కొమ్మ బొమ్మ ఒకటి పెట్టింది.

దెతెలిన్ చేసింది చిన్న పని కాదు. నేను పాఠం చెప్పే బడిలోనే, వేసవి సెలవుల్లో, గదులు వెచ్చగా ఉంచే ఇనప రేడియేటర్లు పద్దెనిమిది విప్పుకుపోయి పాత సామాను వ్యాపారికి అమ్మేశాడు. అది మూడో దొంగతనం కావడంతో నాలుగేళ్లు పడింది. ఆ నవంబరులో ముప్పై ఒక్కమంది పిల్లలు చేతులకు ఉన్ని తొడుగులతో డిక్టేషన్ రాశారు. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. తర్వాత పంచాయతీ వాళ్లు కొత్త రేడియేటర్లు పెట్టించారు. మరుసటి ఏడాది పిల్లలు చాలినంతమంది లేరని బడి మూసేసి, ఆ కొత్తవి తామే విప్పించి, అదే వ్యాపారికి అమ్మారు. అయితే వాళ్లు రసీదు తీసుకున్నారు.

అమ్మ నెలకోసారి కళ్ల డాక్టరు దగ్గరికని చెప్పి పట్నం బస్సెక్కేది. సంచిలో ఎండు సాసేజీలు, ఉన్ని మేజోళ్లు ఉండేవి.

"ఎన్నిసార్లు చూపించుకుంటావే త్సోనా? సూదిలో దారం నాకంటే ముందు ఎక్కిస్తావు" అనేది ఎదురింటి వెలికా అత్త.

"మరి డాక్టరు అంత మంచివాడు" అనేది అమ్మ.

నేను టమాటాలు తరుగుతూ తల ఎత్తేదాన్ని కాదు. ఆ సంచి ఎవరికోసమో అడగలేదు. ఏప్రిల్లో అమ్మ పోయినప్పుడు ఖననానికి రావడానికి దెతెలిన్‌కు అనుమతి వచ్చింది. పూడ్చిన మర్నాడు వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం మళ్లీ గాల్యా దగ్గరికి వెళ్లాను. ఆరు నెలల కాగితాలు వెయ్యమన్నాను.

"ఇంకా పంతొమ్మిది రోజులుంది కదండీ?"

"ఇప్పుడే వెయ్యి. కొడుకు దెతెలిన్ అని నా పేరుకు ముందు పెట్టు."

ఆమె నా వంక చూడకుండా మౌస్ కదిలించింది. "అయితే కొమ్మ తీసెయ్యాలి. రెండూ పట్టవు."

"తీసెయ్."

"పాపం, బాగుండేది" అంది.

సాయంత్రం దాకా పాతవాటి మీద కొత్తవి అంటిస్తూ ఊరంతా తిరిగాను. వెలికా అత్త గుమ్మంలో కుర్చీ వేసుకుని మిరపకాయలు దండ గుచ్చుతోంది.

"అమ్మ పోయి ఆరు నెలలు అప్పుడే అయిపోయాయా జ్లాట్కా?"

"కావస్తోంది అత్తా."

"నువ్వు చెప్పేది లెక్కలు కాదు కాబట్టి సరిపోయింది. పిల్లలు బతికిపోయారు."

లేచి వచ్చి నా భుజం మీదుగా తొంగి చూసి కాగితం అడుగు దాకా చదివింది. మళ్లీ కూర్చుని మరో మిరపకాయ అందుకుంది.

ఇరవై రెండు అయ్యేసరికి జిగురు అయిపోయింది. మిగిలింది బస్టాపు ఒక్కటే. అధికారులు కార్లలో వస్తారు, బస్టాపుతో వాళ్లకేం పని అనుకుని ఇంటికి వచ్చేశాను.

అధికారిణి పేరు కోస్తోవా. యాభై దాటిన మనిషి, తడిసిన బూట్లు. లోపలికి వస్తూనే జిగురంటిన కోటు చెయ్యి ఎత్తి చూపించింది.

"మీ గేటు నన్ను వదల్లేదండీ. ఇవాళే అంటించారా?"

"నిన్న."

గుడ్డ తడిపి ఇచ్చాను. ఆమె అమ్మ గది చూసింది, మంచం చూసింది, పొయ్యి పనిచేస్తుందా అని అడిగింది. అన్నీ రాసుకుంది. కాఫీ, జున్ను పెట్టి కాల్చిన బానిత్సా రొట్టె ముందు పెట్టాను. ఒక ముక్క తిన్నాక అడిగింది.

"తమ్ముణ్ణి ఇంట్లో ఉంచుకోవడం మీకు ఇష్టమేనా?"

"ఇష్టమే."

"ఎప్పట్నుంచి?"

ఆ ప్రశ్న ఫారంలో ఉన్నట్టు లేదు. ఆమె పెన్ను పక్కన పెట్టింది.

"మా ఆఫీసు కారు చెడిపోయింది. బస్సులో వచ్చాను. మీ ఇల్లు ఎటో చెప్పేవాళ్లు దొరికేదాకా బస్టాపులో నిలబడ్డాను. అక్కడ మీ అమ్మగారికి ఒక కూతురు, ఒక కొమ్మ. ఇక్కడ గేటు దగ్గర కూతురు, కొడుకు. ఏది రాసుకోమంటారు?"

తయారుగా పెట్టుకున్న వాక్యాలు నాలుగైదు ఉన్నాయి. వాటిలో తప్పుల్లేవు. కానీ ఒక్కటీ పనికొచ్చేలా లేదు.

"నిన్నటి నుంచి" అన్నాను.

తర్వాత మిగిలింది కూడా చెప్పాను. రేడియేటర్లు, పిల్లల చేతులు, చోటు చాలదన్న అబద్ధం, అమ్మ సంచి. అమ్మ పేరూ వాడి పేరూ ఒక కాగితం మీద ఊరివాళ్లు చదవడం నాకు ఇష్టం లేకపోయిందని చెప్పాను. చెబుతున్నంతసేపూ, ఇప్పుడు ఈవిడ లేచి వెళ్లిపోతుంది, వాడికి పద్నాలుగు నెలలూ నావల్లే అనుకుంటున్నాను.

ఆమె ఫారం నా వైపు తిప్పింది. "నిన్నటి నుంచి అని రాయడానికి ఇందులో గడి లేదండీ. ఔను, కాదు. రెండే."

"అయితే?"

"పన్నెండేళ్లుగా ఇళ్లకు తిరుగుతున్నాను. ఏ ఇంటికెళ్లినా ప్రేమే, అదీ లోపలున్నవాడు పుట్టినప్పట్నుంచీ. ఆర్నెల్లు తిరక్కుండా వాడు మళ్లీ జైలుకొస్తాడు. ఇంట్లోవాళ్లు ఉత్తరమైనా రాయరు. నిన్నటి నుంచి అన్నది మీరొక్కరే." ఔను గడిలో గీత పెట్టింది. "సంతకం ఇక్కడ. చోటు చాలలేదని మాత్రం అనకండి."

సంతకం చేశాను. ఆమె ఇంకో బానిత్సా ముక్క కాగితంలో చుట్టుకుని బస్సుకు వెళ్లింది.

దెతెలిన్ నవంబరు మొదటి శనివారం వచ్చాడు. మిగిలిన ఒక్క కాగితం, కొత్త జిగురు డబ్బా పట్టుకుని బస్టాపుకు ముందే వెళ్లాను, వాడు దిగేలోగా కప్పేద్దామని. పదేళ్లలో మొదటిసారి బస్సు ముందుగా వచ్చింది.

వాడు చిక్కిపోయాడు. అమ్మ సంచే భుజానికి ఉంది. నన్ను పలకరించబోయి గోడ మీది ఫోటో దగ్గర ఆగిపోయాడు. చాలాసేపు ఆ ముఖాన్నే చూశాడు. తర్వాత కిందికి చదివాడు.

"ఈ కొమ్మేంటక్కా?"

"విల్లో."

"అంటే నేనా?"

"అవును."

"గాల్యా బాగానే దించింది. నాకంటే నిటారుగా ఉంది." చెయ్యి చాపాడు. "ఆ డబ్బా ఇలా ఇవ్వు."

వాడు గోడలకు సున్నం పూతలు పూసిన మనిషి. జిగురు పల్చగా రాశాడు. కాగితం పెట్టి అరచేతి అంచుతో మధ్యనుంచి పక్కలకు ఒత్తాడు. ఒక్క బుడగ మిగల్లేదు. కానీ పాతదాని మీద కాదు, పక్కన అంటించాడు.

"దాని మీద వెయ్యరా" అన్నాను.

"ఎందుకు? బస్సు కోసం నిలబడేవాళ్లకి వేరే పనేముంది? రెండూ చదువుకుంటారు."

రొట్టెల కొట్టు ముందు వెలికా అత్త ఎదురొచ్చింది. వాణ్ణి ఎగాదిగా చూసి, సంచి మీద కొట్టింది.

"ఏరా డాక్టరూ, వచ్చావా? త్సోనాకి చూశావు సరే, ఇక నా కళ్లు ఎప్పుడు చూస్తావు?"

దెతెలిన్ నవ్వాడు. నవ్వుతుండగానే కళ్లు తుడుచుకున్నాడు.

"నీకు తెలుసా అత్తా?" అన్నాను.

"ఊరందరికీ తెలుసు, మొదటి నెల నుంచి. నీకే తెలియదనుకున్నాం తల్లీ. నీ ముందు పొరపాటున అనేస్తామేమోనని ఎంత జాగ్రత్తపడ్డామనుకున్నావు!"

సోమవారం ఉదయం పక్క ఊరి బడికి వెళ్లడానికి బస్టాపులో నిలబడ్డాను. బస్సు ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చింది. రెండూ చదివాను.