పచ్చిగోడ

"పది దినాలు పసిబిడ్డను చూసుకున్నెట్ల చూసుకోవల్ల సామీ. మూడు పూటలా తడపల్ల. ఒక్క పూట ఎండినా పగుళ్లిస్తాది" అన్నాడు పెద్దప్ప మేస్త్రీ, తాపీ కడుక్కుంటూ.

కేశవమూర్తి వెనక్కి తిరగకుండానే "విన్నావు కదా పద్మా?" అన్నాడు.

పద్మావతమ్మ విన్నది. ఈ ఇంట్లో చెప్పేవాళ్లు ఎంతమంది ఉన్నా వినేది ఆమె ఒక్కతే. ఆమె చెప్పింది వినేవాళ్లు మాత్రం లేరు. మూడు వారాల కిందట పెనుకొండ ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పిందంతా ఇంటికొచ్చి, సిగ్గు చంపుకుని, ఆయన ఎదుట నిలబడి చెప్పింది. గర్భసంచి జారిందని, పుండు పడిందని, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలని, వారం లోపల వచ్చి చేరమని, అంతవరకూ బిందె కూడా ఎత్తవద్దని. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఏదో అడుగుతాడనుకుంది. "నాయన సంవత్సరీకానికి గోడ లేచి నిలబడల్ల. ఆ పని కానీ, చూద్దాం" అన్నాడు. ఆ "చూద్దాం" అనే మాట ఆమెకు కొత్త కాదు. ఆమె చదువు, పుట్టింటి ప్రయాణాలు, మోకాలి నొప్పి, అన్నీ ఆ మాట దగ్గరే ఆగిపోయాయి.

హిందూపురంలో ఎవరినడిగినా నెమలిగోడ శెట్టి ఇల్లు చూపిస్తారు. బట్టల అంగడి పెట్టిన కొత్తలో మామ కట్టించిన గోడ అది. వరండా ముందు ఇటుకల్ని ఏటవాలుగా పేర్చి, మధ్యలో సందులు వదిలి, రెండు నెమళ్లు ఎదురెదురుగా నిలబడినట్టు కట్టించాడు. లోపలి నుంచి వీధి కనిపిస్తుంది, వీధిలో వాళ్లకు లోపలి మనిషి కనిపించదు. కాపురానికి వచ్చిన మరునాడే అత్త ఆమెను ఆ గోడ వెనక కూర్చోబెట్టి, "మన ఆడోళ్లకు ఇంకేం కావల్ల? తేరు, బజారు, ఊరేగింపు, అన్నీ ఈన్నుంచే చూడొచ్చు" అంది. అదేదో ముద్దుగా అన్న మాటనుకుని పద్మావతమ్మ నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది. ముప్పయ్యేళ్లుగా పుల్లకు గుడ్డ చుట్టి ఒక్కొక్క సందులో దుమ్ము తీస్తూనే ఉంది. వచ్చినవాళ్లు "గోడ ఎంత బాగా పెట్టుకున్నావప్పా!" అని కేశవమూర్తిని మెచ్చుకునేవాళ్లు.

రెండేళ్ల నుంచి ఆ ఇటుకలు పొడిపొడిగా రాలడం మొదలైంది. "నువ్వు సరిగ్గా చూసుకునుంటే ఇంతదూరం వచ్చేదా?" అన్నాడు ఆయన. ఆమె కూడా నిజమేనేమో అనుకుంది. ఏ తప్పైనా ముందు తనదే అనుకోవడం ఆమెకు అంత అలవాటు.

గోడ విప్పిన రోజు పెద్దప్ప ఒక ఇటుకను చేతిలో పట్టుకుని నలిపాడు. అది పిండి పిండి అయిపోయింది.

"ఉగాది ఉగాదికీ నిగనిగలాడే రంగేయిస్తిరి కదా సామీ, అదే చంపింది దీన్ని. లోపలి చెమ్మ బయటికి పోయేదానికి దోవ యాడుండాది? పైకి సూస్తే మెరుస్తాంది, లోపలేమో ఏమీ లేదు."

రంగు వేయించాలన్న ముచ్చట కేశవమూర్తిదే. ఆయన గొంతు సవరించుకుని, "సరేలే, కొత్తది అట్లే కట్టు. నెమళ్లు మాత్రం తేడా రాకూడదు" అన్నాడు. భార్య వైపు చూడలేదు. పద్మావతమ్మ వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఆ ఏడుపు గోడ కోసం కాదు.

కొత్త గోడ లేచింది. పైపుతో కొడితే సందుల్లో పచ్చి సిమెంటు జారిపోతుందని, చెంబుతోనే చల్లమన్నాడు మేస్త్రీ. పెరట్లో సంపు నుంచి బకెట్టు మోసుకొచ్చి వరండా ముందు దించాలి. ఒక పూటకు ఆరు బకెట్లు. బెంగళూరు నుంచి కొడుకు నితిన్ ఫోన్ చేసి, "అమ్మా, గోడ ఫోటో పెట్టు" అన్నాడు. పెట్టింది. సూపర్ అని జవాబు వచ్చింది. ఆస్పత్రి సంగతి వాడికీ చెప్పింది కదా, మరిచిపోయి ఉంటాడు.

నాలుగో రోజు సాయంత్రం చౌడక్క వచ్చింది, మరిచిపోయిన ఇసుక జల్లెడ కోసం. పెద్దప్ప దగ్గర ఇటుకలు మోసే మనిషి. పద్మావతమ్మ ఒక చేత్తో స్తంభం పట్టుకుని, బకెట్టు మీదికి వంగి లేవలేక నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ల మీద నెత్తుటి మరక. చౌడక్క బకెట్టు లాగి పక్కన పెట్టింది.

"జారిందామ్మా?"

ఈ ఇంట్లో ఇన్నాళ్లూ ఎవరూ అడగని మాట. పద్మావతమ్మ తల ఊపింది.

"నాకూ జారిండె, గంపలు మోసీ మోసీ. ధర్మవరంలో తీయించుకుంటి."

"మీ ఆయన ఒప్పుకున్నాడా?"

"ఆయప్పనెవురడిగినారు? గొర్రెకు రోగమొస్తే ఆ పొద్దే ఎత్తుకోని పోతాడు ఆస్పత్రికి. నాకైతే ఆయప్ప లేసేదాకా కాసుకోని కూచోవల్లనా?" చౌడక్క మిగిలిన నీళ్లు తనే గోడ మీద చల్లింది. పోతూ పోతూ, "గోడ పడితే మళ్లా కట్టేదానికి మేముండాము లేమ్మా" అంది.

మరునాడు తెల్లవారి పద్మావతమ్మ ఒక బకెట్టు నిండా నీళ్లు పట్టి, చెంబు అందులో వేసి, ఆయన పేపరు చదివే కుర్చీ పక్కన పెట్టింది. అదే ఆమె ఎత్తిన చివరి బకెట్టు. రెండు చీరలు, ఆస్పత్రి చీటీ సంచిలో పెట్టుకుని ఏడు గంటల బస్సెక్కింది.

సోమందేపల్లి దాటాక ఫోన్ మోగింది.

"యాడుండావు? ఎండెక్కుతాంది, గోడ తడపలా!"

"ఆస్పత్రికి పోతాండా. ఈ పొద్దే చేరతా."

ఆమె ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుంది. ఇప్పుడైనా ఒక్క మాట అంటాడేమోనని, సిగ్గులేని ఆశ.

"మరి గోడ?"

"బకెట్టు మీ పక్కనే ఉండాది. మెల్లగ చల్లండి, పచ్చిగోడ" అని ఫోన్ పెట్టేసింది.

డాక్టరమ్మ పరీక్ష చేసి చాలాసేపు చేతులు కడుక్కుంది. "వారంలో రమ్మంటే నెల చేసినారు. పుండు పెద్దదైంది. ముక్క పరీక్షకు పంపిస్తాను. ఏమొస్తుందో ఇప్పుడైతే చెప్పలేనమ్మా" అంది. తర్వాత గుమ్మం వైపు చూసి, "మీతో ఎవరూ రాలేదా? మీ ఆయన యాడ?" అని అడిగింది.

"ఆయన రాలేరమ్మా" అంది పద్మావతమ్మ. "ఇంటి ముందర కొత్త గోడ కట్టినాము. పది దినాలు దగ్గరుండి చూసుకోవల్లంట."