మూడో రోజు దెబ్బ

ఆ ఇంట్లో సోమవారం కొట్టిన దెబ్బ గురువారం గానీ తగలదు. మాంసం కొట్టు నడిపే తండ్రి చెయ్యి విసిరితే ఆ క్షణాన గాలి మాత్రమే తగిలేది. మూడు రోజులు గడిచాక, అదే వేళకు, దెబ్బ వచ్చి పడేది. పక్కింటావిడ "ఇవాళ దెబ్బేమైనా ఉందా వదినా? లేకపోతే బజారుకెళ్దాం" అని తల్లిని అడిగేది. దెబ్బ పడేనాటికి ఆయన కోపం ఎప్పుడో చల్లారిపోయేది. "ఎంత గట్టిగా తగిలిందే తల్లీ!" అంటూ నూనె సీసా తెచ్చి ఆయనే రాసేవాడు. కూతురికి దెబ్బ కన్నా ఆ నూనె మీదే ఎక్కువ మంట.

ఆ పిల్ల ఆ ఏడే కాలేజీలో చేరింది. మొదటి నెలంతా ఏ క్లాసులోనైనా కూర్చోవచ్చు, ఆఖరి శుక్రవారం లోపు ఒక సబ్జెక్టు ఎంచుకుని ఫారం ఇవ్వాలి. చరిత్ర క్లాసులో ఆవలించింది, వృక్షశాస్త్రంలో బొమ్మలు గీసింది. ఫిజిక్స్ క్లాసులో ఉండగా పాత బాకీ దెబ్బ ఒకటి వీపున పడి బెంచీ మీద బోర్లా పడింది. మేడమ్ అయ్యోపాపం అనలేదు.

"ఏ వైపు నుంచి వచ్చింది? ఎన్ని నిమిషాలు ఆలస్యం?" అని అడిగింది.

పద్దెనిమిదేళ్లలో ఎవరూ అడగని మాట. ఆ రోజు నుంచి కొలవడం మొదలుపెట్టింది. దెబ్బ కొట్టిన చోటు నుంచి తిన్నగా వస్తుంది. గోడల్ని లెక్కచేయదు. మనిషి అడ్డొస్తే ఆ మనిషికే తగులుతుంది. ఇంట్లో అయితే ఠంచనుగా వేళకే పడుతుంది, కాలేజీ దాకా రావాలంటే తొమ్మిది నిమిషాలు ఎక్కువ పడుతుంది. అవన్నీ రాసుకుంటుంటే ఆమెకు ఆకలి గుర్తొచ్చేది కాదు.

మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికి, ఇంటి ముందున్న కొట్లో తండ్రి సబ్జెక్టు మాట ఎత్తాడు.

"డాక్టరీకి పనికొచ్చేది తీసుకో. ఎముకలంటే నీకు కొట్టిన పిండి. ఎక్కడ కోస్తే ఏం బయటపడుతుందో ఈ ఇంట్లో పుట్టినదానికి వేరే చెప్పాలా?"

"ఫిజిక్స్ తీసుకుంటా నాన్నా."

ఆయన మాంసం వేలాడదీసే ఇనప కడ్డీ లాగి ఆమె తల మీద బలంగా వేశాడు. ఆమె జుట్టు కాస్త చెదిరిందంతే. తల్లి మాత్రం అక్కడే కూలబడింది. తాత చేతిలో అలాంటి దెబ్బకే నాయనమ్మ మూడోనాడు తల దువ్వుకుంటూ పోయింది.

శుక్రవారం తల్లి అడ్డం నిలబడతానంటే, ఆమెను గదిలో పెట్టి గొళ్లెం వేసి కూతురు కాలేజీకి వచ్చేసింది. చస్తే ఫారం ఇచ్చే చద్దామనుకుంది.

పన్నెండూ అయిదుకి ఆఫీసు గుమ్మంలో తండ్రి కనిపించాడు. చేతిలో నూనె సీసా, మొహం నిండా చెమట.

"పన్నెండు దాటింది! బతికున్నావా తల్లీ! గండం గడిచింది!" అని వచ్చి వాటేసుకున్నాడు.

దూరానికి ఆలస్యమవుతుందని ఆయనకు తెలీదు. ఆయన వీపు సరిగ్గా కొట్టు వైపే ఉంది.

"ఇంకా రాలేదు నాన్నా. పక్కకి జరుగు."

ఆయన కళ్లు బల్ల మీది ఫారం మీద పడ్డాయి. "ఫిజిక్సా? పైగా నన్నే జరగమంటావా?" చెయ్యి విసిరాడు. గోడ గడియారంలో పన్నెండూ ఎనిమిది.

"నీ కాళ్లు పట్టుకుంటా, జరుగు నాన్నా!"

రెండు చేతులా నెట్టింది. గొర్రెపోతుల్ని ఒంటిచేత్తో ఎత్తే మనిషి, అంగుళం కదల్లేదు. తొమ్మిదో నిమిషానికి ఆయన తల దగ్గర, కొట్లో మొద్దు మీద ఎముక పగిలినప్పటి చప్పుడే వినిపించింది. సీసా పగిలింది. నెత్తురూ నూనే కలిసి గడప దాకా పారాయి. గుమాస్తా ఫారం అంచు తుడిచి, ముద్ర వేసి పక్కన పెట్టుకున్నాడు.

సోమవారం పరామర్శకొచ్చినవాళ్ల మధ్య తల్లి పక్కన కూర్చుని ఉండగా, పన్నెండూ పదిహేడుకి కూతురి ఎడమ చెంప ఛెళ్లుమంది. కాలేజీ నుంచి ఇంటికి తొమ్మిది నిమిషాలు, లెక్క సరిపోయింది. అలవాటు కొద్దీ చెంప పైకెత్తి నూనె కోసం ఆగింది. అప్పుడు గానీ ఆమెకు ఏడుపు రాలేదు.