చిరగని కార్జం

పళ్ళెంలో మేక కార్జం జిగటగా మెరుస్తోంది. ఆమె చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అయినా వాసన ఆగలేదు.

“పెళ్ళై నెల కాలేదు, పొద్దున్నే మాంసం కొట్టుకి తరిమావు,” అన్నాడు భర్త. “కొట్టువాడు ‘వండటం వచ్చా బాబూ?’ అన్నాడు. వండటానికి కాదు, మా ఆవిడ వేలితో పొడవడానికి అన్నాను. అడుగు వెనక్కేశాడు.”

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే వాసన నోట్లోకి దూరింది.

ఆమె పని కంప్యూటర్‌లో కాలేయం చెయ్యడం. ఆపరేషన్ నేర్చుకునే డాక్టర్లు చేతిలో పిడి కదిపితే తెరమీద అది వంగాలి, నొక్కుకుపోవాలి, పిడి చేతికి ఎదురు తన్నాలి. రెప్పపాటు కూడా ఆలస్యం కాకూడదు. చిరిగినప్పుడు మాత్రం లెక్కంతా మళ్ళీ వేసుకోవాలి కాబట్టి బొమ్మ క్షణం ఆగిపోయేది. అందుకని మేనేజర్ చిరగడమే తీయించేశాడు. అన్నిటికీ ‘అంతా ఓకే’ అంటాడని ఆఫీసులో ఆయన పేరు ఓకే సార్. రెండేళ్ళుగా ఆమె పుస్తకాల్లో అంకెలే చూసింది తప్ప నిజమైన కార్జాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు.

కళ్ళు మూసుకుని వేలు ఆనించింది. పైపొర పుటుక్కుమంది. వేలు కణుపుదాకా దిగిపోయింది. లోపల చల్లటి ముద్ద.

“ఛీ!”

“అంత అసహ్యమైతే వదిలెయ్.”

“దీన్ని చూసి కాదు. నేను చేసింది ఇంతకు పదింతలు నొక్కినా చిరగదు. దానిమీద నేర్చుకున్నవాళ్ళు రేపు ఎవరి కడుపులోనో ఇలాగే పొడుస్తారు.”

ఆఫీసుకెళ్ళగానే చిరగడం మళ్ళీ పెట్టేసింది. ఓకే సార్ ఎగిరిపడ్డాడు.

“పదకొండింటికి సర్జన్ గారొస్తారు. ఆవిడ సంతకం పెడితే సాయంత్రానికి మన మెషీన్ మెడికల్ కాలేజీకి పోతుంది. ఇప్పుడా నీ ప్రయోగాలు?”

“ఎవరి కడుపు చిరిగినా ఓకేనా సార్?”

“మన కడుపు కాదుగా!” పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. “తీసెయ్యి. లేదా రేపట్నించి రాకు.”

పొద్దుటి కార్జం కంటే ఆ నవ్వే ఎక్కువ రోతగా అనిపించింది. ఆమె తీయలేదు.

సర్జన్ గారొచ్చారు. ఓకే సార్ తనే పిడి పట్టుకుని, అలవాటు కొద్దీ, బలంగా నొక్కాడు. కాలేయం పర్రున చిరిగింది. బొమ్మ క్షణం ఆగింది. తర్వాత తెరంతా నెత్తురు. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వాష్‌బేసిన్ వైపు పరుగెత్తాడు.

సర్జన్ గారు పిడి అందుకుని మెల్లగా నొక్కారు. చిరగబోయే ముందు ఆపారు.

“పోయినసారి చూపించింది టైరులా ఉంది. ఇది ఎవరు చేశారు?”

“నేనేనండీ. చిరిగినప్పుడు బొమ్మ కాస్త ఆగుతోంది, ఇంకా సరిచెయ్యాలి.”

“ఆగనీ. నేర్చుకునేవాళ్ళ గుండె కూడా క్షణం ఆగాలి.” ఆవిడ ముక్కు ఎగబీల్చారు. “ఏమిటమ్మా ఆ వాసన?”

“కార్జం. మూడుసార్లు కడిగానండీ, పోలేదు.”

“ఈ ఆఫీసులో ఆ వాసన తగలడం ఇదే మొదలు.” కాగితం మీద ‘చిరగడం తీసేస్తే ఈ సంతకం చెల్లదు’ అని రాసి, కింద సంతకం పెట్టారు.

ఓకే సార్ తడిమొహంతో వచ్చాడు. “అంతా ఓకేనా మేడమ్?”

“మీ మొహం తప్ప.”

మధ్యాహ్నం ఆమె క్యారేజీ విప్పింది. మూత మీద నిమ్మచెక్క, పక్కన భర్త రాసిన చీటీ: ‘వేళ్ళకు రుద్దుకో. సాయంత్రం ఆ చెయ్యి పట్టుకుని నడవాల్సింది నేనే.’

రుద్దుకుంది. వాసన చూసుకుంది. యాక్! ఇంకా ఉంది.