సియెస్తా వేళ సర్వీస్

"మాంసం కాల్చినవాడికి చప్పట్లు!" అని ఎవరో అరిచారు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నిప్పుల పక్కన నిలబడ్డ దారియో పట్టకారు గాల్లోకెత్తి, కిరీటం పెట్టించుకుంటున్నవాడిలా తల వంచాడు.

అతని భార్య నోయెలియా కూడా కొట్టింది, ఉల్లిపాయ వాసన వదలని చేతులతో. సలాడ్లు ఆమె చేసింది. రొట్టె ఆమె కాల్చింది. కాసేపట్లో అంట్లూ ఆమే తోముతుంది. సాంతియాగో దెల్ ఎస్తెరో ఊళ్ళో ఆదివారం భోజనమంటే అంతే. నిప్పు మగవాళ్ళది, మిగతా చాకిరీ ఆడవాళ్ళది, చప్పట్లు నిప్పుకి. దానికామె ఎప్పుడో అలవాటుపడింది. ఆ వెంటనే మోగిన రెండో విడత చప్పట్లకే ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఇంకోసారి కొట్టండ్రా, ఈసారి వాడి సర్వీసుకి!" అన్నాడు పేట క్లబ్బు ప్రెసిడెంటు డోన్ తీతో. "మన దారియో ఆన్‌లైన్ టెన్నిస్‌లో ఫైనల్‌కొచ్చాడు. ఎవరి మీదనుకున్నారు? మన పొరుగు తుకుమాన్ వాళ్ళ మీద! శనివారం క్లబ్బులో, పెద్ద తెర మీద!"

"ఏముంది అన్నా అందులో," అన్నాడు దారియో. "బంతిని పక్కకి, పక్కకి వేస్తూ పోతా. ఎదుటివాడు అటు జరగడం మరిగాక, ఒక్కటి సరిగ్గా వాడి ఒంటిమీదకి వేస్తా. రాకెట్ తిప్పడానికి చోటుండదు వాడికి."

ఆ మాటలు నోయెలియావి. పొల్లు పోకుండా ఆమెవి. వంటింట్లో పాస్తా వారుస్తూ ఆమె చెప్పినప్పుడు అతను ఫోన్లో తల దూర్చుకుని ఉన్నాడు. వింటున్నాడన్నమాట!

ఆ ఆట కొన్నది దారియోనే. నాలుగు ఆటలు ఓడి కంట్రోలర్‌ని సోఫాలోకి విసిరేశాడు. దాన్ని చేతిలోకి తీసుకున్నది నోయెలియా, అదీ సియెస్తా వేళ. మధ్యాహ్నం ఎండకి ఊరు ఊరంతా తలుపులు మూసుకుని పడుకుంటుంది. ఆ ఇంట్లో మొగుడూ, అత్తా, పిల్లలూ నిద్రపోతారు. వాళ్ళ నిద్ర చెడకుండా మెలకువగా ఉండడం నోయెలియా ఉద్యోగం. "చెంచా కిందపడ్డ చప్పుడు కూడా నాకు వినబడకూడదమ్మాయ్" అని కాపురానికొచ్చిన కొత్తలోనే అత్తగారు డోన్యా ఎల్బా చెప్పింది. అప్పట్నుంచీ ఆమె గిన్నెల కింద గుడ్డ పరిచింది, చంటివాడి ఏడుపు పెరట్లోకి మోసుకెళ్ళింది. ఆట కూడా టీవీ నోరు నొక్కేసే ఆడింది. ఆ ఆటలో అందరూ బంతి పైకి లేచినప్పుడు వచ్చే చిన్న చప్పుడుని బట్టి బటన్ వదులుతారని ఆమెకు తెలియదు. అసలు చప్పుడుందనే తెలియదు. బొమ్మ మోచెయ్యి నిటారుగా సాగే క్షణం చూసి వదిలేది. ఇంటర్నెట్ నెమ్మదించిందా, చప్పుడు ఆలస్యంగా వచ్చి చెవిని నమ్ముకున్నవాళ్ళు తడబడేవాళ్ళు. నోయెలియా తడబడేది కాదు. ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే ప్రతి మెట్టు మీదా దారియో పేరే పడింది, ఎందుకంటే అకౌంట్ అతనిది. అడిగితే, "పేరు ఎవరిదైతే ఏముందే? మనిద్దరం ఒకటి కాదూ?" అన్నాడు. సింకు పొంగినప్పుడు మాత్రం అది 'నీ వంటిల్లు' అవుతుంది. అంట్ల దగ్గర విడిపోయే మనుషులు గెలుపు దగ్గర ఎలా ఒకటవుతారో ఆమెకి అంతుబట్టలేదు.

ఆ సాయంత్రమే అడిగేసింది. "ఫైనల్ నేనే ఆడతాను. ఆడేది నేనని అందరికీ చెప్పు."

"పిచ్చా? ఇన్నాళ్ళూ నేనే అని చెప్పుకున్నాక? నవ్విపోతారు. నాకు నేర్పు. ఎంతసేపు, బటన్లు నొక్కడమేగా!"

నేర్పింది. మొదటి సర్వీస్ ప్రతిసారీ బలంగా కొడితే బొమ్మ అలసిపోతుందని చెప్పింది. రెండోది నెమ్మదిగా, ఎత్తుకు ఎగిరేలా వెయ్యమంది. ఎదుటివాడి ఎడమచెయ్యి వైపు మూల ఎప్పుడు బోసిగా ఉంటుందో చూపించింది. దారియో అన్నిటికీ తలూపి, అన్నీ బలంగానే కొట్టాడు. సగం నెట్‌కి, సగం గీత బయటికి. "నెమ్మదిగా వెయ్యడమేంటే? ఆడదాని సర్వీస్‌లా!" అన్నాడు.

"ఆ ఆడదాని సర్వీసే నిన్ను ఫైనల్‌కి తీసుకెళ్ళింది," అంది నోయెలియా.

శుక్రవారం అతను మణికట్టుకి కట్టు కట్టుకుని వచ్చాడు. "పట్టేసిందని చెప్తా. నా బదులు నువ్వు కూర్చో. ఎటు వెయ్యాలో వెనక నిలబడి నేను చెప్తుంటా. బుర్ర నాది, వేళ్ళు నీవి. నీకు ఆడాలనుందిగా, ఆడు మరి!"

నోయెలియా ఆ కట్టు వంక చాలాసేపు చూసింది. ఎంత శుభ్రంగా చుట్టాడో! పిల్లాడి మోకాలు పగిలిన రోజున దూది ఎక్కడుంటుందో తెలియనివాడు. వద్దంటే ఆట పోతుంది. సరే అంటే ఆట దక్కుతుంది, ఆడినదాన్నన్న మాట దక్కదు. కానీ కంట్రోలర్ ఎవరి చేతిలో ఉంటే పాయింట్ వాళ్ళ చేతిలో ఉంటుంది. అది ఆమెకి బాగా తెలుసు.

"సరే," అంది.

శనివారం క్లబ్బు హాలు నిండిపోయింది. మాతే టీ గ్లాసులు చేతులు మారుతున్నాయి. డోన్యా ఎల్బా ముందు వరసలో విసనకర్రతో కూర్చుంది. దారియో అందరికీ కట్టు చూపించి, "బుర్ర నాది, వేళ్ళు దీనివి" అని చెప్పి, నోయెలియా కుర్చీ మీద చెయ్యి వేసి, చెవి దగ్గర మొదలుపెట్టాడు. "పక్కకి... మధ్య గీత మీదకి... పక్కకి..."

పోనీలే అని చెప్పినట్టే వేసింది. పోయింది. మళ్ళీ వేసింది. మళ్ళీ పోయింది. తుకుమాన్ ఆటగాడు బంతి లేవకముందే అటు వాలుతున్నాడు. ఎలా? మొదటి సెట్ చేజారింది.

అప్పుడు చూసింది. తెర మూలన మైకు బొమ్మ వెలుగుతోంది. కంట్రోలర్‌లోని మైకు తెరిచి ఉంది! ఇంట్లో దాన్ని మూసే ఆడేది. క్లబ్బు కంట్రోలర్ ఇది. దారియో ఏనాడైనా రెండు ఆటలు కుదురుగా ఆడి ఉంటే కదా, దాని సంగతి తెలియడానికి! అతను చెప్పే ప్రతి మాటా తుకుమాన్‌లో వినబడుతోంది.

నోయెలియా బొటనవేలు మైకు బటన్ మీదకి వెళ్ళింది. ఆగింది. వెనక్కి వచ్చింది.

"గట్టిగా చెప్పు దారియో. ఈ గోలలో వినబడట్లేదు."

"పక్కకి!" అన్నాడు దారియో.

మధ్య గీత మీద పడింది బంతి. తుకుమాన్ వాడు పక్కన ఖాళీ గాలిని కొట్టాడు. హాలు ఊగిపోయింది.

"అటు కాదే!"

"వేలు జారింది."

వేలు జారుతూనే ఉంది. మధ్యకి అంటే పక్కకి, పక్కకి అంటే ఒంటిమీదకి. రెండో సెట్ ఆమెది. మూడో సెట్ చివరికొచ్చేసరికి తుకుమాన్ వాడికి విషయం బోధపడింది. దారియో మాటకి వ్యతిరేకంగా వాలడం మొదలుపెట్టాడు. నోయెలియా అదీ గమనించింది. ఆఖరి పాయింట్.

"మధ్యకి!" అని అరిచాడు దారియో.

మధ్యకే వేసింది. ఏస్! అవతలివాడి రాకెట్‌కి బంతి తగలనే లేదు.

"చెప్పానా! నేను చెప్పానా!" దారియో కట్టు చెయ్యి ఎత్తి గెంతాడు. జనం అతన్ని భుజాలకెత్తుకున్నంత పని చేశారు.

"నా కొడుకు చెప్పబట్టి గెలిచింది," అంది డోన్యా ఎల్బా పక్కావిడతో, అందరికీ వినబడేలా.

"ఈ గెలుపుతో దారియో అకౌంట్‌కి కోర్దొబాలో జరిగే పెద్ద పోటీలో చోటు ఖాయం!" అన్నాడు డోన్ తీతో. "బుర్రా, వేళ్ళూ కలిసి వెళ్ళండి!"

నోయెలియా లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"అత్తయ్యా, మీరన్నది నిజమే. ఆయన చెప్పబట్టే గెలిచాను. ఈ మైకు తెరిచే ఉంది. ఆయన మాటలు అవతలివాడు విన్నాడు. అందుకే మొదటి సెట్ పోయింది. తర్వాత ఆయన చెప్పినవైపు వేసింది ఒక్క ఆఖరి బంతే. కావాలంటే ఆట మళ్ళీ వేసి చూడండి, డోన్ తీతో. ఇదొక్కటే కాదు, ఇక్కడిదాకా వచ్చిన ఆటలన్నీ నేనే ఆడాను."

ఎవరూ నవ్వలేదు. డోన్ తీతో తెర వంకా, కట్టు వంకా చూశాడు. "నిజమేనట్రా?"

"అదీ... సరదాకంటోంది అన్నా," అన్నాడు దారియో.

నోయెలియా కంట్రోలర్‌ని అతని కట్టు చేతిలో పెట్టింది. "అకౌంట్ నీది కాబట్టి కోర్దొబా చోటు కూడా నీదే. వెళ్ళి ఆడు. నేను నా పేరు మీద అట్టడుగు నుంచి మొదలెడతాను."

"పిచ్చిదానా, అంత ఎత్తున్న చోటు వదులుకుంటావా?" డోన్ తీతో నోరు తెరిచాడు.

"ఎక్కే దారి తెలుసు కదా," అంది. రెండో కంట్రోలర్ అందుకుని, పెద్ద తెర మీదే కొత్త అకౌంట్ తెరిచింది. పేరు అడిగింది తెర. ఒక్కో అక్షరమే కొట్టింది, హాలంతా చదివేలా. నోయెలియా. కింద ర్యాంకు సున్నా.

దారియో వంగి పళ్ళ మధ్య నుంచి అన్నాడు: "ఇంటికి పద. మాట్లాడాలి నీతో."

ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. ఎవరో కొత్త ఆటగాడు దొరికాడు. సర్వీస్ ఆమెది.

"నువ్వెళ్ళి పొయ్యి మీద నీళ్ళు పెట్టు," అంది. "నాకిప్పుడు ఆట ఉంది."