జానెడు టేపు

"నీ చెయ్యి నీటు. నువ్వే కొయ్యి" అంటూ మా ఆయన పొద్దున్నే భోజనాల బల్ల మీద పాత పాటల టేపు చక్రం పెట్టి, దాని పక్కన కొత్త కత్తెర పెట్టారు. ఈ ఇంట్లో మెచ్చుకోలు ఎప్పుడూ పనితో కలిపే వస్తుంది. నా అక్షరం గుండ్రంగా ఉంటుందన్న రోజున మూడొందల పెట్టెల మీద అంకెలు రాశాను. నా మడత బాగుంటుందన్న రోజున మూడొందల చిన్న పుస్తకాలు మడిచి కుట్టాను. ఈసారి నీటుతనం వంతు వచ్చింది. కొయ్యాల్సింది మా పిన్ని గొంతు.

"జానెడు ముక్కలు చాలు. కొలబద్ద కూడా అక్కర్లేదు, నీ జాన ఉందిగా. పెట్టెకో ముక్క కవర్లో పెట్టు. మిగిలిన టేపంతా తుక్కుతుక్కు చేసి చెత్తబుట్టలో వెయ్యి. సాయంత్రం నేనొచ్చేసరికి ఖాళీ చక్రం నా బల్ల మీద ఉండాలి. ఆవిష్కరణ రోజు జనానికి చూపించాలి."

"మిగిలింది నేను దాచుకుంటానండీ" అన్నాను.

"దాచుకుంటే అది లిమిటెడ్ ఎలా అవుతుంది? అసలు టేపు ఇక లోకంలో లేదని పుస్తకంలో అచ్చేసి కూర్చున్నాం. నన్ను అబద్ధాలకోరుని చేస్తావా?" చెప్పుల్లో కాళ్ళు పెడుతూ ఇంకో మాటన్నారు. "పాటలన్నీ రికార్డుల్లోకి ఎక్కేశాయి. ఇప్పుడిది ఉత్త ప్లాస్టిక్కు. ప్లాస్టిక్కుకి కూడా ఏడుస్తారా ఎవరైనా?"

మా ఆయన వ్యాపారం పాత పాటల్ని నల్లటి పెద్ద రికార్డుల మీద మళ్ళీ వేయించడం, నాలుగేసి రికార్డుల్ని అందమైన అట్టపెట్టెలో పెట్టి అమ్మడం. ఫోన్లో ఊరికే వినగలిగే కాలంలో ఇవెవరు కొంటారండీ అని మొదట్లో అడిగాను. పకపకా నవ్వారు. "పాటకెవడిస్తాడే డబ్బు? పెట్టెకిస్తారు." తర్వాత్తర్వాత నాకే అర్థమైంది, పెట్టెకీ ఇవ్వరు. ఆ పెట్టె పక్కవాడికి దొరకలేదన్న సంబరానికిస్తారు. "వెయ్యి వేస్తే అమ్ముడుపోతాయి. మూడొందలు వేస్తే కొట్టుకు చస్తారు" అంటారాయన. ఒక్కో పెట్టె ధర, బడిలో పాటల టీచరుగా నేనందుకున్న ఆఖరి నెల జీతానికి రెట్టింపు. ఆ ఉద్యోగం ఎందుకు మాన్పించారంటే, పెట్టెలు సర్దే మనిషికి జీతం ఇవ్వాల్సి వస్తోందని. దొరకనిదానికి ఇంత గిరాకీ ఉన్న ఇంట్లో నేను పిలిచిన ప్రతిసారీ పలికే మనిషిని. నా ధరెంతో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. పిన్ని పెట్టె ఒకటి నాకుంచమని అడిగితే "నీకెందుకు, రోజూ చూస్తూనే ఉన్నావుగా" అన్నారు.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. అమ్మ పోయాక నన్ను పెంచింది. పెళ్ళి చేసుకోలేదు, పాట మానలేదు. ఆ రెండూ కలిపి మా అత్తగారు ఆవిడకి 'తిరుగుళ్ళ పిన్ని' అని పేరు పెట్టారు. నా పెళ్ళికొచ్చి ఒక పాట పాడితే, మా ఆయన స్నేహితులతో "గాలి పోతున్న టైరులా ఉంది గొంతు" అన్నారట. అదీ ఆయనే ముచ్చటగా నాకు చెప్పారు. పిన్ని జబ్బు పడ్డప్పుడు కొన్నాళ్ళు మనింటికి తీసుకొద్దామండీ అని బతిమాలాను. "ఇదేమన్నా సత్రమా?" అన్నారు. ఆసుపత్రి వార్డులో, అటూ ఇటూ దగ్గుల మధ్య, పిన్ని దిండు కింద నుంచి ఈ టేపు తీసి నా ఒళ్ళో పెట్టింది. "ఇది నీకేనే పిచ్చుకా. ఎవరికీ ఇవ్వకు" అంది. నేను ఇవ్వలేదు. బీరువాలోంచి ఆయనే తీసుకున్నారు.

ఎందుకంటే పిన్ని పోయిన తర్వాత, ఎప్పుడో ఆవిడ పాడిన ఒకే ఒక్క చిన్న రికార్డుని ఎవరో వేలంలో కళ్ళు తిరిగే ధరకి కొన్నారు. ఆ వార్త చదివిన పూటే తిరుగుళ్ళ పిన్ని కాస్తా 'మన పిన్నిగారు' అయిపోయింది. పుస్తకానికి ముందుమాటలో మా ఆయన రాసుకున్నారు, ఆవిడ మా ఇంటి మనిషని, చివరి రోజుల్లో ఆవిడ గొంతే తనకు తోడని. ఆ కాగితాల్ని మడతపెట్టింది నేనే. మూడొందల సార్లు ఆ వాక్యం నా వేళ్ళ కింద నుంచి వెళ్ళింది.

ఆయన ఖాతాదారుల్లో ఒక పళ్ళ డాక్టరున్నాడు. నేను 'సీలు డాక్టరు' అంటాను, మనసులో. ఏ పెట్టె వచ్చినా రెండు కొంటాడు, ఒకటి వినడానికి, ఒకటి దాచడానికి. వినడానికి కొన్నదాని ప్లాస్టిక్ పొర కూడా చింపడు. "విప్పితే సగం ధర పోతుందమ్మా" అన్నాడొకసారి, కొత్త పెళ్ళికొడుకులా సిగ్గుపడుతూ. ముందుగదిలో వాళ్ళిద్దరూ కూర్చుని పిన్ని పెట్టెకి ధర కట్టిన రోజు నేను టీ పట్టుకెళ్ళాను. "ఆవిడ పోవడం ఒక రకంగా మనకి కలిసొచ్చింది సార్. బతికుంటే ఇంకో నాలుగు పాటలు పాడి పారేసేది, రేటు పడిపోయేది" అంటున్నాడు డాక్టరు. మా ఆయన నవ్వి "పోనీలెండి, ఆమాత్రం మేలు చేసి వెళ్ళింది" అన్నారు. నేను కప్పులు పెట్టాను. డాక్టరు ఒక గుక్క తాగి పంచదార తక్కువైందన్నాడు. లోపలికెళ్ళి తెచ్చి వేశాను. చెంచాతో కలిపాను కూడా. నా చేతులకి బుద్ధి లేదు, ఎవరేం చెప్పినా చేసేస్తాయి.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఆ టేపులో పాటలొక్కటే లేవు. పాటకీ పాటకీ మధ్య పిన్ని మాట్లాడుతుంది, గొంతు సవరించుకుంటుంది, కిటికీ వెయ్యమంటుంది. ఒకచోట పల్లవి సగంలో ఆపి "పిచ్చుకా, అందుకో!" అంటుంది. అప్పుడొక చిన్నపిల్ల అందుకుంటుంది. శ్రుతీ లేదు, పాడూ లేదు, మహా ధీమాగా పాడుతుంది. పిన్ని పగలబడి నవ్వుతుంది. ఆ పిల్లని నేనే. నన్నెవరైనా పాడమని అడిగిన గుర్తు ఈ లోకంలో అదొక్కటే ఉంది.

రికార్డులోకి ఎక్కించే సౌండు ఇంజనీరు అక్కడికొచ్చేసరికి ఆపి "ఈ పిల్లెవరు సార్?" అని అడిగాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. నా మొహం వెలిగి ఉంటుంది, దరిద్రపు మొహం. మా ఆయన నా వైపు చూశారు, చూసి అన్నారు, "ఎవరో పక్కింటి పిల్లలెండి. ఆ గోల తీసెయ్యండి." ఆ తర్వాత వంటింట్లోకొచ్చి "నువ్వని చెప్తే అతను మొహమాటానికి ఉంచుతాడు. సరుకు పాడైపోతుంది" అన్నారు, ఎంతో ఓపిగ్గా. అలా నేను మూడొందల పెట్టెల్లో ఎక్కడా లేకుండా పోయాను. మిగిలింది ఈ టేపులోనే. దాన్నే నా జానతో కొలిచి నన్నే కొయ్యమని చెప్పి వెళ్ళారు.

కత్తెర పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఏడుపొచ్చింది. దానికన్నా ఒళ్ళుమంట ఎక్కువొచ్చింది. అప్పుడు తలెత్తితే ఎదురుగా అద్దాల అలమరలో మామగారు కనిపించారు.

మామగారంటే ఆయన టేపు. పోయేముందు ఒక టేపు రికార్డరు కొనుక్కుని, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, మనిషి ఎలా బతకాలో చెప్పి పెట్టారు. నేను కాపురానికొచ్చిన కొత్తలో మా ఆయన ఒకసారి అది వినిపించారు. క్రమశిక్షణ గురించి, పొదుపు గురించి, ఆడవాళ్ళ అణకువ గురించి గంటకు పైగా ఆ గొంతు. మధ్యలో గిన్నె కింద పడ్డ చప్పుడు. అత్తగారు ఏదో చెప్పబోతారు. "నోర్ముయ్, టేపు తిరుగుతోంది!" అని మామగారు అరుస్తారు. ఆ తర్వాత ఆవిడ మాట ఇక లేదు. ఆ కేక మా ఇంట్లో వేళాకోళంగా మిగిలిపోయింది. నేను ఏదైనా గట్టిగా అడిగితే మా ఆయన ఇప్పటికీ నవ్వుతూ అదే అంటారు, "నోర్ముయ్, టేపు తిరుగుతోంది." తండ్రి గొంతుకి కాపీ తీయించాలి, తీయించాలి అని ఆయన అంటూనే ఉన్నారు. తీయించలేదు. మళ్ళీ వినాలని ఈ ఇంట్లో ఎవరికీ అనిపించనూ లేదు. వారానికోసారి ఆ డబ్బా దుమ్ము తుడిచేది మాత్రం నేనే.

డబ్బా దించాను. మూత తీశాను. లోపల అదే గోధుమరంగు, అదే వెడల్పు. ఉత్త ప్లాస్టిక్కు.

మామగారి టేపంతా లాగి నేల మీద కుప్ప పోశాను. ఆయన చక్రానికి పిన్నిని జాగ్రత్తగా చుట్టాను. ఆయన డబ్బాలో పెట్టి, మూత వేసి, ఉన్నచోటే ఉంచాను. పిన్ని చక్రం ఖాళీ అయింది, దాన్ని మా ఆయన బల్ల మీద పెట్టాను. ఇక జాన చాపి కొలిచి కొయ్యడం మొదలుపెట్టాను. కాపీ లేదని నాకు తెలుసు. కొడుకు తండ్రి గొంతు మళ్ళీ వినలేడనీ తెలుసు. తెలిసే కోశాను. ఒక్క ముక్క కూడా వంకర పోలేదు.

సగంలో ఉండగా అత్తగారు వచ్చారు. తెరిచి ఉన్న అలమర తలుపు చూశారు, నేల మీద కుప్ప చూశారు.

"ఏమిటే అది?"

అబద్ధం నోటిదాకా వచ్చింది కానీ ఓపిక లేకపోయింది. "మామయ్యగారి టేపు. ఆయన డబ్బాలో పిన్నిని పెట్టాను" అన్నాను.

ఆవిడ కేకలేస్తారని, కొడుక్కి ఫోన్ చేస్తారని ఎదురుచూశాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఒక ముక్క తీసి కళ్ళకి దగ్గరగా పట్టుకుని అటూ ఇటూ తిప్పారు.

"ఆ నోర్ముయ్ అన్నది ఏ ముక్కలో ఉందో తెలుస్తుందా?"

"తెలీదు అత్తయ్యా. చూడ్డానికి అంతా ఒకేలా ఉంటుంది."

ఆవిడ ఆ ముక్కని కుప్పలోకి విసిరేశారు. "అయితే అంతా కొయ్యి" అన్నారు.

అంతమాత్రాన మేమేదో ఒకటైపోయామని అనుకోకండి. లేచి వెళ్తూ వెళ్తూ "తర్వాత ఇల్లు తుడిచి చావు, ముక్కలు కాళ్ళకి అంటుకుంటున్నాయి" అన్నారు. తుడిచాను.

ఆవిష్కరణకి చిన్న హాలు అద్దెకి తీసుకున్నారు. వేదిక మీద పిన్ని ఫొటో, దాని ముందు ఖాళీ చక్రం. మా ఆయన కొత్త చొక్కా వేసుకుని, ఒక ముక్కని రెండు వేళ్ళతో దీపానికి ఎదురుగా ఎత్తి పట్టుకున్నారు. "ఈ జానెడులో ఆవిడ ఊపిరుంది" అన్నారు, గొంతు వణికిస్తూ. "ఇంకెక్కడా లేదు. మూడొందల మందికే ఆ అదృష్టం." ఆ వేళ్ళ మధ్య ఉన్నది వాళ్ళ నాన్నగారి పొదుపో, దగ్గో, ఆడవాళ్ళ అణకువో నాకు తెలీదు. సీలు డాక్టరు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఒకటో నంబరూ రెండో నంబరూ అతనివే. హాలంతా చప్పట్లు. భార్య గురించి కూడా ఒక మాట చెప్పారు మా ఆయన, "మా ఆవిడ కూడా కవర్లు అంటించడంలో చేతిసాయం చేసింది" అని.

ముందు వరసలో నా పక్కనే ఉన్న అత్తగారు నా వైపు వంగారు. "ఎంతన్నాడే ధర?"

చెప్పాను.

ఆవిడ నోరు తెరుచుకుపోయింది. "అమ్మో, అంతా! ఇన్నేళ్ళూ నేను ఊరికే విన్నాను కదే" అన్నారు. అని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఎవరో వెనకనుంచి ఓదార్పుగా ఆవిడ వీపు నిమిరారు, ఏడుస్తున్నారనుకుని.

చప్పట్లు ఆగాక మా ఆయన చెయ్యెత్తారు. "ఈ ఊపులోనే ఇంకో మాట. వచ్చే ఏడాది మా నాన్నగారి టేపు. ఒక్కటంటే ఒక్కటే పెట్టె, వేలంలో. ముందుగా ఇదే వేదిక మీద, మీ అందరి ముందూ ఆ టేపు పెట్టి ఆయన గొంతు వినిపిస్తాను."

అత్తగారి నవ్వు ఠక్కున ఆగిపోయింది. నా మణికట్టు పట్టుకున్నారు, గోళ్ళు దిగేలా. "డబ్బాలో ఉన్నది మీ పిన్ని కదే! వాడు చంపేస్తాడు నిన్ను. అప్పుడేం చేస్తావు?"

వేదిక మీద పిన్ని ఫొటో వైపు చూశాను. వచ్చే ఏడాది ఈ హాల్లోనే, ఇంతమంది ముందూ, పల్లవి సగంలో ఆపి ఆవిడ నన్ను పిలుస్తుంది.

"అందుకుంటాను అత్తయ్యా."